నవంబరు చిమ్మట

అంబ్రూష్ మంచం కోడుకి కట్టిన గంట ఒకప్పుడు ఆవు మెడలోది. ఆవు ఎప్పుడో పోయింది, గంట మిగిలింది. ఇప్పుడు దాని మోతకి పరిగెత్తడం విల్మ వంతు.

దిండు జారినా గంటే. పొయ్యిలో కట్టె అయిపోయినా గంటే. ఏమీ అక్కర్లేకపోయినా, మనిషి ఇంట్లో ఉందో లేదో తెలుసుకోవడానికి ఊరికే ఒకసారి మోగించేవాడు. విల్మ చేతిలో పని వదిలేసి వచ్చి, గుమ్మంలో నిలబడి, "ఏంటి బాబాయ్?" అంటే, "ఏం లేదు. వినబడుతోందా లేదా అని," అనేవాడు. వినబడకపోవడానికి ఆ ఇల్లేమైనా కోటా? ఒక వంటిల్లు, ఒక పడకగది, రెంటికీ మధ్య మట్టిపొయ్యి. బయట కంటికి ఆనినంత మేర చదును నేల. ఆ చదునులో ఎవరైనా పారిపోదామనుకుంటే సాయంత్రం దాకా నడిచినా ఇంట్లోవాళ్ళకి వీపు కనబడుతూనే ఉంటుంది. ఈ సంగతి విల్మ చాలాసార్లు ఆలోచించింది.

పిల్లల్లేని ముసలివాళ్ళు అక్కడ ఒక ఏర్పాటు చేసుకుంటారు. తమని చూసుకునే మనిషి పేర ఇల్లూ నేలా రాసిస్తారు. ఆ మనిషి వాళ్ళకి వండిపెట్టి, ఒళ్ళు తుడిచి, చివరికి పాతిపెట్టాలి. పాతిపెట్టాకే ఇల్లు చేతికొస్తుంది. మధ్యలో వదిలేసి పోతే అప్పటిదాకా చేసిన చాకిరీ అంతా మట్టిలో కలిసినట్టే. ఇందులో పాపం ఉందంటే ఉంది, లేదంటే లేదు. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళు అలాగే చేతులు మారాయి.

తొమ్మిదేళ్ళ కిందట విల్మ మొగుడు రైల్వే క్యాంటీన్లో చారు వడ్డించే ఆడమనిషితో వెళ్ళిపోయాడు. అద్దె గది ఖాళీ చెయ్యమన్నారు. అప్పుడే ఎవరో అంబ్రూష్ పేరు చెప్పారు. పెళ్ళాం పోయింది, గుండె జబ్బు, కాళ్ళు పడిపోతున్నాయి. విల్మ చూడ్డానికి వస్తే డాక్టరు ఆమెని వంటింట్లోకి తీసుకెళ్ళి, గొంతు తగ్గించి, "ఈస్టరు చూడడమ్మా," అన్నాడు. విల్మ ఇంకేం ఆలోచించకుండా సంతకం పెట్టింది. ఆ డాక్టరు పోయాడు. ఈస్టర్లు తొమ్మిది వచ్చి వెళ్ళాయి. అంబ్రూష్ మాత్రం పందికొవ్వు రాసిన రొట్టె మీద పచ్చి ఉల్లిపాయ పెట్టుకుని, ఉన్న నాలుగు పళ్ళతో కరకరా నములుతూనే ఉన్నాడు.

అతను చెడ్డవాడని చెప్పడానికి లేదు. చెడ్డవాడైతే విల్మకి కొంత సులువుగా ఉండేది.

ఆ ఎండాకాలం చివర్లో ఒక దారి తెరుచుకుంది. సెగెడ్ పట్నంలో విల్మ అక్క యోలాన్ నూడుల్స్ చేసి అమ్ముతుంది. కొట్టు మీద గది ఖాళీ అయిందని, కిటికీలోంచి ట్రాములు కనబడతాయని, చలికాలం మొదలయ్యేలోపు వస్తే గదీ పనీ రెండూ నీవేనని కబురు పంపింది. సరిగ్గా అప్పుడే పత్కోష్ కూడా వచ్చి అడిగాడు. చుట్టూ ఉన్న పొలమంతా అతనిదే, దున్ని దున్ని కంచె దాకా నల్లగా చేసేశాడు. అంబ్రూష్ ఇంటి వెనకున్న పచ్చిక ముక్క ఒక్కటే మిగిలింది. అది ఇప్పుడే అమ్మితే అంబ్రూష్‌ని ఊళ్ళో వృద్ధాశ్రమంలో పెట్టించి ఖర్చంతా తాను చూసుకుంటానన్నాడు. విల్మ వాటా విల్మకి ఇచ్చేస్తాడు. ముసలాయన సంతకం పెడితే చాలు, అందరి పీడా వదులుతుంది.

అంబ్రూష్ వారం రోజులు ఉలకలేదు, పలకలేదు. ఆ తర్వాత గంట కొట్టాడు.

"కూర్చో," అన్నాడు.

"పొయ్యి మీద పాలున్నాయి బాబాయ్."

"పొంగితే పొంగనీ. విను. ఈసారి నవంబరులో మార్టిన్ పండగ లోపు నా చిమ్మటలు కనబడ్డాయనుకో, నేను కదలను. వాటినొదిలేసి పోయి అక్కడెక్కడో గోడకేసి చూస్తూ పడుకోలేను. కనబడలేదనుకో, పత్కోష్‌ని రమ్మను. పెట్టేస్తాను సంతకం. చచ్చిన గడ్డికి కాపలా నాకెందుకు?"

విల్మ అతని మొహంలోకి చూసింది. హాస్యం కాదు. "ఖాయమేనా?" అంది.

"నేనెప్పుడైనా మాట తప్పానా?"

తప్పలేదు. అదే అతనితో వచ్చిన చిక్కు. చస్తానని కూడా ఎప్పుడూ మాటివ్వలేదు.

దీపం చుట్టూ తిరిగి చచ్చే చిమ్మటలు అందరికీ తెలుసు. అంబ్రూష్ చిమ్మట అలాంటిది కాదు. దానికి ఎండ కావాలి. అదీ అక్టోబరు ఆఖర్న, నవంబరు మొదట్లో, మిగతా పురుగులన్నీ చచ్చో దాక్కునో ఉన్నప్పుడు, పొద్దెక్కాక ఒక రెండు గంటలు ఎండిన గడ్డి మీద మోకాలెత్తున ఎగురుతుంది. మంచు తగిలి మాడిన గడ్డి రంగులో ఉంటుంది. ఎగిరేది మగదే. ఆడదానికి రెక్కలుండవు. పసుపుపచ్చటి ఒంటి మీద నల్ల చుక్కలతో, ఏదో గడ్డిపరక పట్టుకుని కూర్చుంటుంది. పుట్టిన చోటు నుంచి మహా అయితే రెండు బారలు పాకుతుంది. ఒంట్లోంచి ఏదో వాసన వదులుతుంది. మన ముక్కుకి అందదు. మగవి మాత్రం ఎక్కడెక్కడి నుంచో గాలికి ఎదురొచ్చి వాలతాయి. నాగలి తగలని నేలలో తప్ప అవి బతకవని అంబ్రూష్ అనేవాడు. చుట్టుపక్కల ఇంకెక్కడా అలాంటి నేల లేదు. అతని నాన్న దున్నలేదు, ఉప్పునేల అని. అతను దున్నలేదు, చిమ్మటలున్నాయని.

మగవాటిని చూడాలంటే ముందు ఆడదాన్ని వెతకాలి. దీపం చిమ్నీ గాజులో దాన్ని పెట్టి, రెండు వైపులా పల్చటి గుడ్డ కట్టి, మాచిపత్రి పొదకి వేలాడదీస్తే అవే వస్తాయి. వెనకటికి ఆ వెతకడం అంబ్రూష్, అతని పెళ్ళాం కలిసి చేసేవాళ్ళు. కాళ్ళు పోయాక తొమ్మిదేళ్ళుగా విల్మ నేల మీద పాకుతూ వెతుకుతోంది, అతను ఒంటిచక్రం తోపుడుబండిలో గొర్రెతోలు పరుచుకుని కూర్చుని అటు చూడు, ఇటు చూడు అని అజమాయిషీ చేస్తున్నాడు. పోయినేడు వచ్చినవి రెండో మూడో. ఈ ఏడు ఒక్కటీ రాకపోవచ్చని విల్మ ఆశపడింది. అంతగా ఆశపడడం ఆమెకి అలవాటు లేదు. సెగెడ్ గదికి కర్టెన్లు ఏ రంగువైతే బాగుంటాయో కూడా అనుకుంది.

అక్టోబరు ఆఖరి వారంలో ఒక పొద్దున, పొయ్యి రాజెయ్యడానికి ఎండు మాచిపత్రి కోసుకొద్దామని ఒక్కతే వెనక పచ్చికలోకి వెళ్ళింది. కొడవలి వెయ్యబోతుంటే కనబడింది. సరిగ్గా కళ్ళ ముందు, వేలెడంత గడ్డిపరక మీద, పసుపూ నలుపూ. వెతికినప్పుడు మోకాళ్ళు అరిగిపోయినా దొరకనిది, దొరక్కూడదని మొక్కుకున్నాక తనంత తానే వచ్చి కూర్చుంది.

విల్మ వెనక్కి తిరిగి ఇంటి వైపు చూసింది. అంబ్రూష్ కిటికీకి తెర వేసి ఉంది. చెప్పుతో ఒక్క తొక్కు తొక్కితే అయిపోతుంది. కాలెత్తింది కూడా. కానీ ఆ పురుగు పారిపోదామని చూడలేదు. కొంచెం కూడా కదల్లేదు. ఎటూ పోలేనిదాన్ని తొక్కడానికి ఆమెకి మనసొప్పలేదు. ఏప్రన్ జేబులో అగ్గిపెట్టె ఉంది. పుల్లలు జేబులోకి వంచి, పురుగుని పెట్టెలోకి ఎక్కించి, గాలాడేలా రవ్వంత సందుంచి మూసేసింది.

"దొరికిందా?" అని లోపలికి రాగానే అడిగాడు అంబ్రూష్. మాచిపత్రి కోసం వెళ్ళిన మనిషిని కూడా ఆ మాటే అడుగుతాడు.

"దొరకలేదు బాబాయ్."

ఆ తర్వాత కాస్త ఎండ పొడ కనబడిన ప్రతి పొద్దునా బండి తోసుకెళ్ళింది, కానీ కాసేపటికే మబ్బు కమ్మేది, మగవి ఒక్కటీ ఎగరలేదు. మోకాళ్ళ మీద పాకింది. గడ్డి విడదీసి చూసింది. అగ్గిపెట్టె ఏప్రన్ జేబులోనే ఉంది. ఇంట్లో ఎక్కడ పెట్టినా అతని కంట పడుతుందని భయం. మంచం మీదున్నా అతనికి ఇల్లంతా తెలుసు. ఆ పురుగుకి తిండి అక్కర్లేదని అతనే చెప్పాడు. వంట చేస్తుంటే, అతని వీపు తోముతుంటే, అది తొడకి తగులుతూ ఉండేది. రోజుకొకసారి ఎవరూ చూడకుండా పెట్టె తెరిచి చూసేది. ఒక మూల ఒదిగి, కాళ్ళు ముడుచుకుని కూర్చునుండేది. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకో," అనేది విల్మ దానితో. ఆ మాట ఎవరికి చెప్పుకుంటోందో ఆమెకీ తెలుసు.

అబద్ధం ఆడినందుకు సిగ్గుగా ఉండేది. అంతకంటే ఎక్కువగా, ఎవరైనా ఇన్నాళ్ళకి ఒక్కసారి అబద్ధం ఆడితే తప్పేంటని కోపంగా ఉండేది.

మార్టిన్ పండగ ఇంకా రెండు రోజులుందనగా, మబ్బులన్నీ పోయి ఎండ కాసింది. గంట మోగింది.

"తీసుకెళ్ళు," అన్నాడు అంబ్రూష్.

"ఆడది దొరకలేదుగా బాబాయ్. ఏం చూద్దామని?"

"ఆడది దొరక్కపోయినా ఎండ దొరికిందిగా. ఎల్లుండి పత్కోష్ వస్తాడు. ఒక్కసారి చూసుకుంటాను, అంతే."

విల్మ వంటింట్లోకి వెళ్ళి, ఈ ఒక్క పూటా ఎందుకైనా మంచిదని అగ్గిపెట్టె జేబులోంచి తీసి పిండి డబ్బా వెనక పెట్టింది. పురుగు పక్కన లేకపోతే ఇంకేం రావు అనుకుంది. అంబ్రూష్‌ని ఎత్తి బండిలో కూర్చోబెట్టి, గొర్రెతోలు కప్పి, గుమ్మడికాయల బండి తోసినట్టు గతుకుల మీద తోసుకెళ్ళింది. అతను ఖాళీ చిమ్నీ గాజు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఎందుకని ఆమె అడగలేదు.

గడ్డి వెండిరంగులో ఉంది. గాలి మెల్లగా వీస్తోంది. పైన బెగ్గురు కొంగల బారు ఒకటి అరుచుకుంటూ దక్షిణానికి పోతోంది. కంచె అవతల పత్కోష్ దున్నిన నేల తడితడిగా మెరుస్తోంది. అంబ్రూష్ టోపీ పైకి నెట్టి మొహం ఎండకి పెట్టాడు. విల్మ పక్కన నిలబడింది. ఈ ఒక్క పూట గడిస్తే చాలనుకుంది.

ఒక ఎండుటాకు గాల్లో తేలుతూ వచ్చి ఏప్రన్ మీద పడింది. విల్మ దులిపేసింది. తర్వాత గుర్తొచ్చింది, దగ్గర్లో ఎక్కడా చెట్టు లేదు.

అది మళ్ళీ వచ్చింది. జేబు అంచు పట్టుకుని, రెక్కలు టపటపలాడిస్తూ, ఈకల్లాంటి మీసాలతో గుడ్డని తడుముతోంది. ఇంకొకటి వచ్చింది. ఇంకో రెండు. గాలికి ఎదురుగా, గడ్డి మీదుగా తూలుతూ, తిన్నగా ఆమె వైపే వస్తున్నాయి. ఖాళీ జేబు చుట్టూ మూగుతున్నాయి. అప్పుడు విల్మకి అర్థమయింది. "ఆడది వెళ్ళిపోయినా ఆ గాజు మర్నాడు కూడా మగవాటిని పిలుస్తుంది, వాసన అంటుకుంటుంది," అని అంబ్రూష్ ప్రతి ఏడూ చెప్పేవాడు. ప్రతి ఏడూ ఆమె ఊఁ కొట్టి, మధ్యాహ్నం ఏం వండాలా అని ఆలోచించుకునేది. అన్ని రోజులు జేబులో మోసింది. ఆ గుడ్డే ఇప్పుడు చిమ్నీ గాజు అయింది.

మెల్లగా అతనికి వీపు తిప్పింది. దులిపితే లేచి మళ్ళీ వాలాయి. రెండు చేతులతో జేబు కప్పింది. చేతుల మీదా వాలాయి. కదిలితే చూస్తాడు, పరిగెత్తితే చూస్తాడు. ఎటు పరిగెత్తినా అవీ వెంటొస్తాయి. పదికి పైనే ఉంటాయి. ఇన్నేళ్ళలో ఇన్ని ఎప్పుడూ రాలేదు. తన వైపు ఇంత ఆశగా ఎవరూ ఎప్పుడూ రాలేదని కూడా అనిపించింది. అనిపించినందుకు తనని తాను తిట్టుకుంది.

"విల్మా."

"ఆఁ."

"ఇటు తిరుగు."

తిరిగింది. ఏప్రన్ నిండా గోధుమరంగు రెక్కలు ఆడుతున్నాయి. అంబ్రూష్ ఆమె నడుము వంక చాలాసేపు చూశాడు. తర్వాత కళ్ళు చికిలించి దూరంగా కంచె వైపు చూశాడు.

"ఈమధ్య నాకు చూపు ఆనడం లేదు," అన్నాడు. "వచ్చాయా?"

ఆ పొద్దున్నే గంజిలో రవ్వంత పురుగుంటే వేలు పెట్టి చూపించిన కళ్ళు అవి. విల్మ వాటి వంక చూసింది. అతను కంచె మీంచి చూపు తిప్పలేదు. నిజం చెప్పమనడం లేదు. ఏది చెబితే అదే తీసుకుంటానని కూర్చున్నాడు.

ట్రాములు కనబడే కిటికీ గుర్తొచ్చింది.

"రాలేదు బాబాయ్."

అంబ్రూష్ చెయ్యి చాపాడు. రెండు వేళ్ళతో, జేబు అంచు మీదున్న ఒకదాన్ని రెక్క నలగకుండా పట్టుకుని తన కోటు చేతి మీద పెట్టుకున్నాడు. ఆడదాని వాసన లేని ఆ కోటు మీద అది నిలవలేదు, పాకబోయింది. దాని మీద అరచెయ్యి బోర్లించాడు.

"రాలేదు," అన్నాడు. "పద, చలేస్తోంది."

దారంతా ఆమెకి అతని టోపీ వెనక భాగం ఒక్కటే కనబడింది. గాలికి అగ్గిపుల్ల ఆరిపోకుండా కాపాడినట్టు అతను ఆ చేతిని కప్పి పట్టుకునే ఉన్నాడు. ఇంటి దగ్గరికొచ్చాక తీశాడు. చిమ్మట లేచి పచ్చిక వైపు పోయింది. ఆమె అతన్ని ఎత్తి లోపలికి తీసుకెళ్తుంటే చెవి దగ్గర మెల్లగా అన్నాడు.

"ఆ ఏప్రన్ ఉతుక్కుని వెళ్ళు. లేకపోతే సెగెడ్ దాకా వెంటబడతాయి."

అతను నవ్వలేదు. ఆమె నవ్వలేదు.

ఆ మధ్యాహ్నం గంట మోగలేదు. విల్మ వేడినీళ్ళలో ఏప్రన్ నానబెట్టింది. సామాను సర్దుకుంది. చెవి మాత్రం పడకగది వైపే ఉంది. పొయ్యిలో కట్టె అయిపోయుంటుంది. దిండు జారే ఉంటుంది. అయినా మోగలేదు. చివరికి ఉండబట్టలేక తనే వెళ్ళి చూసింది. అంబ్రూష్ ఒళ్ళో అద్దం పెట్టుకుని, చేతులు వణుకుతున్నా, పాత కత్తితో గడ్డం గీసుకుంటున్నాడు.

"ఎల్లుండికి కదా పత్కోష్ వచ్చేది," అంది విల్మ.

"ఒక పూటలో అయ్యే పనా ఇది? ఇవాళ ఈ చెంప, రేపు ఆ చెంప."

"నన్ను పిలవొచ్చుగా?"

"నీకు సర్దుకునే పనుంది."

ఇన్నేళ్ళూ ఆ గంటని తిట్టుకుంది. అది మోగకపోతే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. మోగినప్పుడు కనీసం తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు. తలుపు వేసి పెట్టింది ఇతనే అని అనుకోవడానికి ఉండేది. ఇప్పుడు తలుపు బార్లా తీసి పక్కకి జరిగి కూర్చున్నాడు. ఎవర్ని తిట్టాలి?

మర్నాడు పొద్దున పిండి డబ్బా వెనక నుంచి అగ్గిపెట్టె తీసింది. చచ్చుంటుందనుకుంది. బతికే ఉంది. పచ్చికలోకి తీసుకెళ్ళి ఒక గడ్డిపరకకి ఆనించింది. అది పెట్టెలోంచి మెల్లగా దిగి, పరక పట్టుకుని, జానెడు పైకెక్కి ఆగిపోయింది.

"పోవే," అంది విల్మ. "వదిలేశాను కదా. పో ఎక్కడికైనా."

అది కదల్లేదు. కాసేపటికి ఎండ ఎక్కింది. మొదటి మగది గాల్లో తూలుతూ వచ్చింది. విల్మ అక్కడ నిలబడలేక ఇంటికి వచ్చేసింది.

పండగ నాడు బాతు వేయించింది. ఎర్ర క్యాబేజీ ఉడికించింది. పత్కోష్ కొత్త ద్రాక్షసారా సీసా ఒక చంకలో, కాగితాలు ఒక చంకలో పెట్టుకుని వచ్చాడు. బూట్లు కూడా తుడుచుకున్నాడు.

"బాబాయ్ పెళ్ళికొడుకులా ఉన్నాడే," అన్నాడు కుర్చీ లాక్కుంటూ. "ఆశ్రమంలో నర్సులు పడుచుపిల్లలు. గిల్లావంటే బయటికి తోసేస్తారు, ముందే చెబుతున్నా."

"నా చేతులకి నా గడ్డమే అందట్లేదు," అన్నాడు అంబ్రూష్. గడ్డం కింద గీసుకున్న చోట కాగితం ముక్క అంటించుకుని ఉన్నాడు. తలకి మంచి నల్ల టోపీ ఉంది. బల్ల మీద, పళ్ళెం పక్కన, మంచం కోడు నుంచి విప్పిన గంట ఉంది. అది విల్మ వైపు తోశాడు. "ఇది నువ్వు పట్టుకెళ్ళు. మీ అక్క కొట్టు తలుపుకి కట్టుకోండి. ఎవరైనా వస్తే తెలుస్తుంది."

పత్కోష్ కాగితం పరిచాడు. కలం మూత తీసి ఇచ్చాడు. అంబ్రూష్ కలాన్ని కాగితానికి ఆనించాడు.

"వచ్చాయి," అంది విల్మ.

పత్కోష్ కిటికీ వైపు చూశాడు. "ఎవరొచ్చారు?"

"నువ్వు నోరు మూసుకో విల్మా," అన్నాడు అంబ్రూష్.

"మొన్న వచ్చాయి. నా ఏప్రన్ మీద వాలాయి, పదికి పైనే. ఆడదాన్ని నేనే దాచాను. మీరు చూశారు. చూసి కూడా రాలేదన్నారు."

ఇందులో దయ లేదు. దయ ఉంటే మొన్ననే చెప్పేది. అతను చూసీ చూడనట్టు ఇచ్చిన దాన్ని నెత్తిన పెట్టుకుని, ఆ గదిలో, ఆ కిటికీ దగ్గర, ఇక బతికినన్నాళ్ళూ ట్రాములు చూస్తూ కూర్చోవడం తన వల్ల కాదు. ఆ కాగితం మీద అతని సంతకం పడితే, తను ఎక్కడున్నా ఆ బోర్లించిన అరచెయ్యి కళ్ళ ముందే ఉంటుంది. ఈ ఇంట్లోంచైతే ఎప్పటికైనా బయటపడొచ్చు. దాన్నుంచి బయటపడే దారి లేదు.

"ఏ ఏప్రన్? ఏంటి వాలింది?" అన్నాడు పత్కోష్.

"పురుగులు," అన్నాడు అంబ్రూష్ విసుగ్గా. కలం కింద పెట్టేశాడు. "అవి వస్తే సంతకం పెట్టనని మాటిచ్చాను. నలుగురిలో చెప్పేసింది. ఇప్పుడెలా పెట్టను?"

పత్కోష్ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశాడు. కోపం తెచ్చుకోవాలో నవ్వాలో తేల్చుకోలేకపోయాడు. చివరికి కాగితాలు మడిచాడు. "మీరిద్దరూ ఒకరికొకరు సరిపోయారు," అని లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, తన సీసా తను తీసుకుని పోయాడు.

తలుపు పడ్డాక అంబ్రూష్ బల్ల మీద గుద్దాడు. పళ్ళేలు ఎగిరిపడ్డాయి. అతనికి అంత కోపం రావడం విల్మ ఎప్పుడూ చూడలేదు.

"బుద్ధుందా నీకు? ఇన్నేళ్ళకి ఒక్క మంచిపని చేద్దామనుకున్నాను. అది కూడా చెయ్యనివ్వవా?"

"నన్నడిగి చేశారా?"

"నువ్వు నన్నడిగే పురుగుని దాచావా?"

ఆమె ముక్క కోసి అతని పళ్ళెంలో వేసింది. తనూ కూర్చుని తింది. పొయ్యిలో కట్టె చిటపటలాడింది.

"మీ అక్క గది?" అన్నాడు అంబ్రూష్.

"ఇంకెవరో దిగుతారు."

"నేను వందేళ్ళు బతికితే?"

"బతుకుతారు. నాకు తెలుసు."

అతను బాతు రొమ్ము ఎముకని శుభ్రంగా చీకి, కిటికీ వెలుగులోకి ఎత్తి పట్టుకున్నాడు. మార్టిన్ పండగ నాడు ఆ ఎముక చూసే అందరూ చలికాలం సంగతి చెబుతారు. పొడుగ్గా, పాలలా తెల్లగా ఉంది.

"మంచు బాగా పడుతుంది ఈసారి," అన్నాడు. "త్వరగా వదిలేలా లేదు."

విల్మ లేచింది. బల్ల మీది గంట తీసుకుని పడకగదిలోకి వెళ్ళింది. మంచం కోడుకి తాడు చుట్టి, రెండు ముళ్ళు బిగించింది. ఒకసారి మోగించి చూసింది.

"ఏంటి?" అన్నాడు అంబ్రూష్ వంటింట్లోంచి.

"ఏం లేదు," అంది విల్మ. "వినబడుతోందా లేదా అని."